అధివాస్తవిక ప్రదర్శనశాల: కొలాజ్ సూత్ర విచారము

అధివాస్తవికత యనగానే తెలుగు పాఠకులకు మొదట స్ఫురించునది కవిత్వము. శ్రీశ్రీ, శ్రీరంగం నారాయణబాబు గార్లు ఆ ఉద్యమచ్ఛాయలను కవితాద్వారమున మన భాషలోనికి తెచ్చిరి. అందువలన మన విమర్శకులు దానిని గూర్చి చర్చించినప్పుడెల్ల పదచిత్రము, స్వప్నము, అచేతన మనస్సు, తనంత తానుగా సాగు రచన మొదలగు విషయములనే ప్రధానముగా గ్రహించుచు వచ్చిరి. అది సహజమే. కాని 1924లో ఆంద్రే బ్రెతాన్ ప్రకటనపత్రముతో పారిస్ నగరమున స్పష్టరూపము దాల్చిన ఈ ఉద్యమము కాగితముతోను, కాన్వాసుతోను తృప్తిపడలేదు. తన చిత్రములను జనులకు చూపు గదులను గూడ అది రచనలుగనే భావించినది. ఆ గదుల కూర్పునకు మూలమైన సూత్రము కొలాజ్ అనియు, ఆ సూత్రమునకు ఒక ధర్మమున్నదనియు, ఆ ధర్మము తప్పినచోట అదే ఉపాయము వట్టి అలంకరణముగనో, హింసగనో పరిణమించుననియు చూపుట ఈ వ్యాసమున మా ఉద్దేశము.

దీనికొక పూర్వపక్షము కలదు. చిత్రము వేరు, దానిని తగిలించిన గోడ వేరు. కావ్యమును విమర్శించువాడు గ్రంథపు అట్టను విమర్శింపడు గదా యని కొందరనవచ్చును. గోడ తెల్లగా, నిశ్శబ్దముగా ఉండి, చిత్రమునకును చూపరికిని నడుమ అడ్డు రాకున్నప్పుడు ఈ వాదము చెల్లును. మనము పరిశీలింపబోవు ప్రదర్శనములలో గోడ మాటలాడుచున్నది, పైకప్పు భయపెట్టుచున్నది, నేల దారి తప్పించుచున్నది. అట్టి చోట గోడను విడిచి చిత్రమును మాత్రము విమర్శించుట, నాటకమున రంగస్థలమును విడిచి సంభాషణములను మాత్రము చదువుటవంటిది.

మొదట కొలాజ్ అనగా నేమో నిర్ణయించుకొనవలెను. 1912లో పికాసో, బ్రాక్ అను చిత్రకారులు వార్తాపత్రికల ముక్కలను, గోడకాగితములను తమ చిత్రములలో అతికించిరి. అక్కడ అతికిన కాగితము చిత్రనిర్మాణమున ఒక అంగము. జర్మనుడైన మాక్స్ ఎర్న్‌స్ట్ చేసినది వేరు. 1919లో బోధనోపకరణముల సచిత్రపట్టిక యొకటి అతని కంటబడెను. అందు ఖనిజములు, సూక్ష్మదర్శినిలోని ఆకారములు, శరీరభాగములు, యంత్రములు పక్కపక్కనే ముద్రితములై యుండెను. పరస్పరసంబంధము లేని ఆ బొమ్మల సాన్నిధ్యమే తనలో కొత్త దృశ్యములను మేల్కొలిపినదని అతడు తరువాత వ్రాసెను. 1929లో వెలువడిన అతని కొలాజ్ నవలలో పందొమ్మిదవ శతాబ్దపు పుస్తకములలోని చెక్కుడు బొమ్మలను కత్తిరించి, అతుకు కనబడనంత నేర్పుతో కలిపినాడు. అనగా అతని దృష్టిలో కొలాజ్ జిగురుపనికి సంబంధించినది కాదు. ఒక లోకమునకు చెందిన వస్తువును మరియొక లోకమునకు చెందిన వస్తువుతో, ఆ రెంటికిని చెందని మూడవచోట కలుపుటయే కొలాజ్.

ఈ మూడవచోటు చాల ముఖ్యమైనది. అధివాస్తవికులు పరమప్రమాణముగా భావించిన లోత్రెయమోన్ ఉపమానములో కుట్టుయంత్రము, గొడుగు మాత్రమే కాక, అవి కలిసికొనిన శవపరీక్షల బల్ల గూడ కలదు. ఆ బల్ల లేనిచో మిగిలిన రెండును ఇంటిసామానులే. మన వ్యాకరణ పరిభాషలో చెప్పవలెనన్న, కొలాజునకు రెండు కర్తలతోపాటు ఒక అధికరణము కావలెను. ఆ అధికరణము గూడ అపరిచితమై యుండవలెను. ప్రదర్శనశాలను కూర్చువాడు సిద్ధపరచునది ఈ అధికరణమునే.

మన అలంకారశాస్త్రమున దీనికి దగ్గర చుట్టము విషమాలంకారము. చంద్రాలోకమును, కువలయానందమును చదివినవారికి విషమభేదములలో మొదటిది అననురూపములైన రెండు వస్తువుల కూర్పు అని తెలియును. అయితే ఒక భేదము కలదు. విషమమున కవి 'ఇదెక్కడ, అదెక్కడ' యని తానే ఆశ్చర్యపడును. ఆ ఆశ్చర్యమునకు వెనుక ఔచిత్యమను కొలబద్ద చెక్కుచెదరక నిలిచియుండును; ఆ కొలబద్ద నిలిచియున్నందుననే వైషమ్యము తెలియును. కొలాజులో ఆశ్చర్యపడు కవి మాయమగును. వస్తువులు మాత్రము మిగులును. ఆశ్చర్యపడు భారము చూపరిపై పడును. కాని రెంటికిని ఒక సామాన్యధర్మమున్నది. కలిసిన రెండు వస్తువులును తమతమ పుట్టినింటిని మరువరాదు. గొడుగు గొడుగుగా తెలియకున్నచో దాని చేరికలో వింత లేదు. ఈ లక్షణమునకు మేము 'మూలస్మృతి' యని పేరు పెట్టుకొనుచున్నాము. కూర్పులోనికి వచ్చిన ప్రతి ముక్కయు తాను వచ్చిన చోటును జ్ఞాపకముంచుకొనుట యని దీని అర్థము. ఈ కొలతతో కొన్ని ప్రదర్శనములను పరిశీలింతము.

1931లో పారిస్ శివారునందలి వాన్‌సెన్ వనమున ఫ్రెంచి ప్రభుత్వము మహావైభవముగా వలసరాజ్యముల ప్రదర్శనమును జరిపెను. దానికి ప్రతిగా ఆ సంవత్సరమే సెప్టెంబరులో వలసపాలన స్వరూపమును బయటపెట్టు ఒక చిన్న ప్రదర్శనము వెలసినది. అందలి సాంస్కృతిక విభాగమును కూర్చినవారిలో ఆరగాన్, ఎల్యువార్, తాంగీ అను అధివాస్తవికులుండిరి. ఆఫ్రికా, ఓషియానియా, అమెరికా జాతుల శిల్పములను ప్రదర్శించుచు, వాటితోపాటు ఐరోపాలో సామాన్యముగా అమ్ముడుపోవు క్రైస్తవ భక్తిబొమ్మలను గూడ నిలిపి, వాటికి ఐరోపావారి 'ఫెటిష్‌లు' అని చీటీ తగిలించిరి. ఆ మాట అప్పటివరకు ఐరోపావారు ఇతరుల దేవతామూర్తులకు మాత్రమే తక్కువచూపుతో వాడుచుండిన మాట.

ఇక్కడ వస్తువేదియు మారలేదు, దేనికిని కొత్త రంగు పూయలేదు, కత్తిరింపు లేదు. ఒక చీటీ తన అలవాటైన వస్తువును విడిచి మరియొక వస్తువుపై చేరినది, అంతే. కాని ఆ చీటీకి తన పుట్టినిల్లు జ్ఞాపకమున్నది. భక్తిబొమ్మకు తన గుడి జ్ఞాపకమున్నది. ఆ రెండు జ్ఞాపకములు ఢీకొనుటచే, నాగరికులు, అనాగరికులు అను విభజనయే ప్రశ్నకు గురియైనది. ప్రదర్శనమును కొలాజుగా కూర్చుటలో ఇంత తక్కువ సాధనముతో ఇంత గట్టి వాదము చేసిన ఉదాహరణము మరియొకటి మాకు కానరాదు.

1936 మే నెలలో పారిస్ నందలి షార్ల్ రాతోన్ వస్తుశాలలో వారము దినములు జరిగిన అధివాస్తవిక వస్తుప్రదర్శనము దీనికి తరువాతి మెట్టు. రాతోన్ ఆఫ్రికా, ఓషియానియా, అమెరికా శిల్పముల వర్తకుడు. అతని అద్దాల బీరువాలలో గణితశాస్త్ర బోధనకై చేసిన నమూనాలు, ప్రకృతిసిద్ధములైన వస్తువులు, దొరికిన వస్తువులు, అమెరికా, ఓషియానియా జాతుల వస్తువులు, ద్యుషాన్ ఎంచిన సీసాలు ఆరబెట్టు ఇనుపచట్రము, మెరెత్ ఒప్పెన్‌హైమ్ బొచ్చుతోలు తొడిగిన కప్పు, సాసరు, చెంచా ఒక్క ప్రదర్శనములో చేరినవి. శాస్త్రము, బజారు, ప్రకృతి, కళ అను వర్గముల సరిహద్దులు ఇట్లు చెరిగిపోయినవి. బొచ్చు కప్పు మన పరీక్షకు పూర్తిగా నిలుచును. కప్పును పెదవి ఎరుగును, బొచ్చును వేలు ఎరుగును. రెండు స్పర్శలును ఒకదాని నొకటి ఒప్పుకొనవు.

కాని ఓషియానియా శిల్పము విషయమున మాకు సందేహము కలుగుచున్నది. పారిస్ చూపరికి కప్పు పుట్టినిల్లు తెలియును. ఆ శిల్పము పుట్టినిల్లు తెలియదు. దానిని చేసినవారు పేరులేనివారుగనే మిగిలిరి. దాని పూజ, పర్వము, నిషేధములు బీరువాలోనికి రాలేదు. అందుచే ఆ శిల్పము కూర్పులో సమభాగస్వామిగా గాక, ఇతరుల అచేతన మనస్సునకు ఉదాహరణముగా నిలిచినది. 1931లో వలసపాలనను నిలదీసిన ఉపాయమే, మూలస్మృతి లోపించినప్పుడు, 1936లో తెలియకయే ఆ పాలన అలవాటును అనుసరించెనని చెప్పక తప్పదు. ఉద్దేశము మంచిదగుట కూర్పులోని లోపమునకు సమాధానము కాజాలదు.

ఇక ప్రదర్శనశాల యంతయు ఒక్క కొలాజైన ఘట్టము 1938 జనవరి 17వ తేదీ రాత్రి పారిస్‌లోని గాలరీ బోజార్‌లో ప్రారంభమైన అంతర్జాతీయ అధివాస్తవిక ప్రదర్శనము. బ్రెతాన్, ఎల్యువార్ నిర్వాహకులు. మార్సెల్ ద్యుషాన్ మొత్తము కూర్పునకు కర్త, మధ్యవర్తి. డాలీ, ఎర్న్‌స్ట్ సాంకేతిక సలహాదారులు. మాన్ రే దీపముల అధికారి. వోల్ఫ్‌గాంగ్ పాలెన్ నీటికిని, పొదలకును అధికారి. పదునాలుగు దేశములకు చెందిన సుమారు అరువదిమంది కళాకారుల కృతులు అందు చేరినవి. ఆ శాల జార్జ్ విల్దెన్‌స్తైన్ అను ప్రసిద్ధ వర్తకునిది. ప్రాచీన చిత్రములకు, విశేషించి పదునెనిమిదవ శతాబ్దపు ఫ్రెంచి కళకు పేరుపొందినది. కొలాజులోని మొదటి అతుకు ఇదియే. మర్యాదకు మారుపేరైన గృహమున ఈ కూర్పు వెలసినది.

ముంగిట డాలీ టాక్సీ నిలిచియుండెను. అందు వాన బయట గాక లోపల కురియుచుండెను. లోపలి బొమ్మలపై నత్తలు ప్రాకుచుండెను. టాక్సీని వాననుండి తప్పించుకొనుటకే ఎక్కుదురు. ఆ వస్తుధర్మమును తలక్రిందులు చేయుటచే వస్తువు మరింత స్పష్టముగా జ్ఞాపకమునకు వచ్చుచున్నది.

దానిని దాటినచో పదునారు దుకాణపు బొమ్మలు నిలిచిన నడవ. ఒక్కొక్క బొమ్మను ఒక్కొక్క కళాకారుడు అలంకరించెను. గోడపై పారిస్ వీథులలోవలె నీలిరంగు పేరుపలకలు కలవు. సాహిత్యవిద్యార్థులు ఆ పేర్లను శ్రద్ధగా చదువవలెను. వివియెన్ వీథి నిజముగా నున్నది. లోత్రెయమోన్ అక్కడ నివసించెను. పాతలాంతరు వీథి ఒకప్పుడుండి తరువాత నగరపు మార్పులలో అంతరించినది. 1855లో నెర్వాల్ కవి అక్కడ మరణించెను. రక్తదాన వీథి ఎన్నడును లేనిది. ఉన్నది, పోయినది, లేనిది అను మూడు కాలములు ఒక్క నడవలో ఒకే అచ్చు పలకలుగా చేరినవి. ఇక్కడ పేరుపలకయే అధికరణము. నగరపాలకసంఘపు గంభీరమైన అక్షరములు కల్పితమునకు గూడ సమానమైన ప్రామాణ్యము నిచ్చుచున్నవి.

ప్రధానమందిరమున ద్యుషాన్ పైకప్పునుండి 1200 బొగ్గుసంచులను వ్రేలాడదీయించెను. బరువు తగ్గుటకై వాటిలో తేలిక వస్తువులను కూరినను, వాటికంటిన బొగ్గుధూళి చూపరులపై రాలుచుండెను. నడుమ ఒక ఇనుప కుంపటి, నేలపై ఎండుటాకులు, పాలెన్ కూర్చిన నీటిమడుగు, మూలలలో మంచములు. కాఫీగింజలు వేయించు వాసన గదినంతయు నింపెను. కొన్ని చిత్రములు తిరుగు తలుపులపై నుండెను. గది చీకటిగా నుండుటచే ప్రారంభరాత్రి చూపరుల చేతులకు టార్చిలైట్లిచ్చిరి.

ఈ కూర్పున వింతల పట్టికను మించిన ఒక వ్యవస్థ కలదు. బొగ్గు భూగర్భమున నుండవలసినది. అది తలపైకి వచ్చినది. దీపము పైనుండవలసినది, దాని స్థానమును కుంపటి నేలపై నాక్రమించినది. ఆకులు తోటలోను, మంచము పడకటింటిలోను ఉండవలసినవి; రెండును సభాస్థలమునకు వచ్చినవి. క్రింద కుంపటియు పైన బొగ్గుసంచులును ఉన్న గదిలో మర్యాదస్తులు ఖరీదైన దుస్తులతో నిలిచి చిత్రముల కొరకు వెదకికొనుచున్నారు. బొగ్గు గనివాని శ్రమ, ఆర్థికసంక్షోభపు దశాబ్దము, రాబోవు యుద్ధభయము వీనిలో ఏదియు మాటలలో చెప్పబడలేదు. కాని ధూళి భుజముపై పడినప్పుడు వీనిని తలపకుండుట కష్టము. ఇదియే ధ్వని. చిత్రమునకును చిత్రమునకును నడుమ నుండవలసిన అతుకు ఇక్కడ చూపరికిని గదికిని నడుమకు మారినది. 1938 ప్రదర్శనపు గొప్పతనము ఇందే యున్నదని మా మతము. టార్చిలైటు పట్టుకొన్న చూపరి తాను గూడ కూర్పులో ఒక ముక్కయైనాడు.

ఈ ప్రదర్శనముతోపాటు బ్రెతాన్, ఎల్యువార్ కూర్చిన సంక్షిప్త అధివాస్తవిక నిఘంటువు వెలువడినది. చిత్రముల పట్టిక స్థానమున నిఘంటువును ప్రకటించుట యాదృచ్ఛికము కాదు. సంబంధములేని పదములను పక్కపక్కన నిలుపుటకు లోకమంతయు అంగీకరించిన ఏకైక గ్రంథరూపము నిఘంటువే. అక్షరక్రమము దానికి శవపరీక్షల బల్ల. గది ఎట్లో గ్రంథమును అట్లే.

పరిశోధకులకు ఇచట ఒక హెచ్చరిక. ఈ ప్రదర్శనమును మనము ఛాయాచిత్రములద్వారమున నెరుగుదుము. ఛాయాచిత్రమునకు వెలుగు కావలెను. ఆనాటి గదిలో చీకటి ప్రధానము. కావున మన ముందున్న సాక్ష్యము తాను చూపు వస్తువు ముఖ్యగుణమునే తొలగించి చూపుచున్నది. వాసన అసలే రాదు. చిత్రములలో స్పష్టముగా కానవచ్చుటచేతనే దుకాణపు బొమ్మలు చరిత్రలో మిక్కిలి ప్రసిద్ధికెక్కినవి. ఆ ప్రసిద్ధిని ప్రాముఖ్యమని భ్రమింపరాదు.

ఆ బొమ్మల విషయమున మరియొక మాట. వాటిని అలంకరించినవారు దాదాపు అందరును పురుషులు, బొమ్మలన్నియు స్త్రీరూపములు. ద్యుషాన్ తన బొమ్మకు మగవాని టోపీ, కోటు తొడిగి, జేబులో ఎర్రదీపముంచి విడిచెను. అందు దుకాణపు బొమ్మ దుకాణమును మరువలేదు. ఆంద్రే మాసోన్ బొమ్మ తలను పంజరమున నుంచి నోటికి గుడ్డ కట్టెను. అది స్త్రీల నిర్బంధమునకు నిరసనయని వాదించువారు కలరు. కాని నిరసనకు, విలాసమునకు నడుమ గీత గీయు ఆధారమేదియు ఆ కూర్పులో లేదు. స్త్రీరూపము ఇతరుని స్వప్నమునకు ముడిసరుకైనచోట మూలస్మృతి నశించినదనియే మేము తలచుచున్నాము.

మూలస్మృతి యనునది సూక్ష్మవిషయమని తోచువారు 1937 జులై 19న మ్యూనిక్ నగరమున నాజీ ప్రభుత్వము ప్రారంభించిన 'పతితకళ' ప్రదర్శనమును చూడవలెను. జర్మన్ సంగ్రహాలయములనుండి లాగికొన్న సుమారు 650 కృతులను ఇరుకు గదులలో క్రిక్కిరియ తగిలించి, గోడలపై నిందావాక్యములు వ్రాసిరి. ద్రవ్యోల్బణకాలపు లక్షల మార్కుల ధరలను చీటీలపై చూపి, ప్రజల పన్నుల సొమ్ము ఎట్లు పోయెనో చూడుడని రెచ్చగొట్టిరి. ఎర్న్‌స్ట్ చిత్రమొకటి అందు చేరినది. డాడా కళకై కేటాయించిన గోడపై చిత్రములను వంకరగా తగిలించిరి. దానిపై జార్జ్ గ్రోస్ మాటలనే, డాడాను గంభీరముగా గ్రహింపవలెనను నినాదమునే, వ్రాసిరి. 1920లో బెర్లిన్ డాడా ప్రదర్శనమున గోడలనిండ నినాదములుండెను. పైకప్పునుండి పందిముఖపు సైనికుని బొమ్మ వ్రేలాడుచుండెను. ఆనాడు అధికారమును ఎగతాళి చేసిన ఉపాయమే మ్యూనిక్‌లో అధికారము చేతి ఆయుధమైనది.

వంకరగోడ, నినాదము, చీటీ, క్రిక్కిరిసిన కూర్పు బాహ్యలక్షణములన్నియు కొలాజువే. భేదమెక్కడ? మ్యూనిక్ గోడపై వ్రాతకు మాత్రమే మాటలాడు హక్కున్నది; చిత్రమునకు బదులు చెప్పు హక్కు లేదు. ఒక ముక్క తీర్పరి, మరియొక ముక్క ముద్దాయి. అర్థము ముందే నిర్ణయింపబడినది. కొలాజులో అర్థము చూపరి మనస్సున ఆలస్యముగా పుట్టును. మ్యూనిక్‌లోనే ఇరువది లక్షలకు పైగా జనులు ఈ ప్రదర్శనమును చూచిరి. సాధనములు సమానమైనంత మాత్రమున సిద్ధాంతము సమానము కాదనుటకు ఇంతకంటె బాధాకరమైన నిదర్శనము లేదు.

యుద్ధము వచ్చి అధివాస్తవికులలో పలువురు న్యూయార్కు చేరినపిమ్మట, 1942 అక్టోబరులో ఒక్క వారము వ్యవధిలో రెండు ప్రదర్శనములు తెరువబడినవి. 14వ తేదీన మాడిసన్ వీథిలోని ఒక పాతభవనమున జరిగిన ప్రదర్శనము పేరు, అమెరికా పౌరసత్వము కోరువారు సమర్పించు మొదటి పత్రములను తలపించునది. శరణార్థుల స్థితి ఆ పేరులోనే యున్నది. ద్యుషాన్ ఆ మందిరమునంతయు పురికొసతో అల్లి, చిత్రములకును చూపరులకును నడుమ సాలెగూడు వంటి అడ్డు నిర్మించెను. ప్రారంభమునాడు అతని ప్రోత్సాహమున పిల్లలు అక్కడ బంతులాడిరి. చిత్రకారులలో కొందరికిది రుచింపలేదు. తమ చిత్రములను చూపుటకు పిలిచి కనబడకుండ చేసితివని వారనుకొనుట న్యాయమే. అయినను కొస చిత్రమును తాకలేదు, దానిని మార్చలేదు, దానిని చేరు దారిని మాత్రము కఠినము చేసినది. దేశము దాటివచ్చినవారి కృతులకు అంతకంటె సత్యమైన అధికరణము దొరకదు.

20వ తేదీన పెగ్గీ గుగ్గెన్‌హైమ్ తెరచిన శాలను ఫ్రెడరిక్ కీస్లర్ నిర్మించెను. అధివాస్తవిక మందిరమున వంపు తిరిగిన గోడలనుండి చట్రములు తీసిన చిత్రములు చేతులవంటి కఱ్ఱలపై ముందుకు చాచియుండెను. దీపములు వెలిగి ఆరుచుండెను, రైలుశబ్దము వినబడుచుండెను. ద్యుషాన్ అడ్డు పెట్టెను, కీస్లర్ అడ్డు తీసెను. చట్రము తీసివేసి చిత్రమును చూపరి లోకమునకు దగ్గర చేయుట కీస్లర్ ఆశయము. అది సఫలమైనది. కాని దీపము ఎప్పుడారునో చిత్రము నిర్ణయింపదు, గది నిర్ణయించును. గది తనను తానే ప్రదర్శించుకొను ప్రమాదము అచట ఆరంభమైనది. ఆర్పి వెలిగించు ఆ దీపములు కొంతకాలమునకే మానివేయబడుటచే, ఆ ప్రమాదమును నాటివారే గుర్తించిరని చెప్పవచ్చును.

ఇంతవరకు చూచినదానినిబట్టి తేలిన విషయములు మూడు. మొదటిది, అధివాస్తవికుల ప్రదర్శనము వారి చిత్రములకు ఆవరణము మాత్రము గాక, కొలాజ్ సూత్రము గదికి విస్తరించిన స్వతంత్ర రచన. రెండవది, ఆ రచనకు ప్రాణము వైచిత్ర్యము కాదు, మూలస్మృతి. ముక్కలు సమానముగా మాటలాడగలుగుట దాని ధర్మము. మూడవది, ఈ సూత్రమునకు స్వతస్సిద్ధమైన పుణ్యము లేదు. 1931లో న్యాయము పలికినది, 1936లో తడబడినది, మ్యూనిక్‌లో హింసకు సేవచేసినది ఒకే కుటుంబమునకు చెందిన ఉపాయములు.

నేడు సంగ్రహాలయములలో ప్రాచీనశిల్పమును ఆధునికచిత్రముచెంత నిలుపుట, చీకటిగదులలో ధ్వనులు, కాంతులు నింపి చూపరిని ముంచెత్తుట పరిపాటియైనది. అట్టి కూర్పు ఎదురైనప్పుడు, ఇది ఎంత వింతగా నున్నదని గాక, ఇందలి ప్రతి వస్తువును తన ఊరు చెప్పగలుగుచున్నదా యని మనము ప్రశ్నింపవలెను. సంకలనములు కూర్చువారికి, ఒక కవి పద్యమును మరియొక కవి పద్యము ప్రక్కన నిలిపి తారతమ్యము చెప్పు మనవంటి ఉపాధ్యాయులకు గూడ ఈ ప్రశ్న వర్తించును. ప్రక్కన నిలుపుట యనునదే ఒక విమర్శ. నిలుపబడినదానికి మాట దక్కినదా లేదా యనుటపైననే ఆ విమర్శ విలువ ఆధారపడియుండును.